ఐర్లండ్ భూస్వామ్య, బిరుదు కుటుంబాల వంశవృక్షాలు: రక్తం, ఇంటిపేరు, బిరుదు, భూమి వేర్వేరు దారుల్లో నడిచిన చరిత్ర

1872 ఫిబ్రవరిలో పోర్ట్ బ్లెయిర్‌లో ఒక ఖైదీ కత్తిపోట్లకు బలైన వైస్రాయ్ లార్డ్ మేయో, 1886 నుంచి 1890 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న లార్డ్ కన్నెమరా సొంత అన్నదమ్ములు. పాత తెలుగు పుస్తకాల కోసం చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయానికి వెళ్లేవారికి ఆ తమ్ముడి పేరు బాగా పరిచయమే. అయితే ఆయన ఇంటిపేరు కన్నెమరా కాదు, అన్నగారి ఇంటిపేరు మేయో కాదు. ఇద్దరిదీ బర్క్ కుటుంబం. అన్నగారి పేరు రిచర్డ్ బర్క్. 1849లో ఆయన తండ్రికి ఎర్ల్ పదవి సంక్రమించగానే, పెద్దకొడుకుగా ఆయనను మర్యాదపూర్వకంగా లార్డ్ నాస్ అని పిలవసాగారు. 1867లో తండ్రి మరణించాక ఆయనే ఎర్ల్ ఆఫ్ మేయో అయ్యారు. అదే ఇంట పుట్టిన తమ్ముడు రాబర్ట్ మాత్రం చాలాకాలం బిరుదు లేకుండానే గడిపి, 1887లో విడిగా బారన్ కన్నెమరా అయ్యారు. ఆయన 1902లో వారసుడు లేకుండా మరణించడంతో ఆ బిరుదు అక్కడితోనే ముగిసిపోయింది. అన్నగారి వంశంలో మేయో బిరుదు కొనసాగింది.

ఐర్లండ్ కులీన కుటుంబాల వంశచరిత్ర చదవబోయిన ప్రతివారినీ మొదట తికమక పెట్టేది ఇదే. ఒకే మనిషి మూడు పేర్లతో రికార్డులకెక్కుతాడు, ఒకే బిరుదును సంబంధం లేని మూడు కుటుంబాలు ధరిస్తాయి, కోట ఒకరికి దక్కితే కోట పేరుతో ఉన్న బిరుదు మరొకరికి దక్కుతుంది. రక్తసంబంధం, ఇంటిపేరు, బిరుదు, భూమి అనే నాలుగూ ఒకే వారసుడి వెంట నడుస్తాయని అనుకోవడం వల్లే ఈ చిక్కంతా వస్తుంది. నిజానికి ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు నియమాలున్నాయి, నాలుగు రకాల రికార్డులున్నాయి. వాటిని విడివిడిగా పట్టుకుంటేనే ఏ కుటుంబం కథైనా తేటపడుతుంది.

బిరుదు ఉన్నవారు, భూమి మాత్రమే ఉన్నవారు

పీరేజీ అంటే వంశపారంపర్య బిరుదుల వ్యవస్థ. అందులో పైనుంచి కిందికి డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్, బారన్ అనే ఐదు అంతస్తులున్నాయి. వీటి కింద బారొనెట్ ఉంటాడు. పేరుకు ముందు ‘సర్’ అని పెట్టుకునే హక్కు అతని కుటుంబంలో తరతరాలుగా సాగుతుంది కానీ అతడు పీర్ కాడు, ప్రభువుల సభలో అతనికి చోటు లేదు. ఐర్లండ్‌లో బారొనెట్ బిరుదులు 1619లో మొదలయ్యాయి. ఏ బిరుదూ లేకుండా, కౌలుదార్లు చెల్లించే శిస్తు మీద బతికే పెద్ద భూస్వాములే జెంట్రీ.

బిరుదు పెద్దదైతే భూమి ఎక్కువని అర్థం కాదు. గాల్వే జిల్లాలోని బాలినహించ్‌లో ఉన్న మార్టిన్ కుటుంబానికి పీరేజీ లేదు, కానీ వారి చేతిలో దాదాపు రెండు లక్షల ఎకరాలుండేవి. మూగజీవాల పట్ల క్రూరత్వాన్ని నేరంగా ప్రకటించిన 1822 నాటి బ్రిటిష్ చట్టాన్ని తెచ్చిన రిచర్డ్ మార్టిన్ ఆ ఇంటివాడే. మరోవైపు, ఐర్లండ్ పీరేజీ పొందినవారిలో ఐర్లండ్‌తో ఏ సంబంధమూ లేనివారు చాలామందే ఉన్నారు. ప్లాసీ యుద్ధం గెలిచిన రాబర్ట్ క్లైవ్‌కు 1762లో దక్కింది ఇంగ్లండ్ బిరుదు కాదు, ఐర్లండ్ బిరుదు. క్లేర్ జిల్లాలోని ప్లాసీకి బారన్ అన్న హోదా అది. ఐర్లండ్ బిరుదు ఉన్నవాడు బ్రిటన్‌లో సామాన్యుల సభకు పోటీ చేయవచ్చు, కాబట్టి క్లైవ్ ష్రూస్‌బరీ ప్రతినిధిగా కొనసాగగలిగాడు. సరిగ్గా ఈ వెసులుబాటు కోసమే 1898లో వైస్రాయ్‌గా బయలుదేరిన కర్జన్‌కూ ఐర్లండ్ బారన్ బిరుదే ఇచ్చారు. ఐర్లండ్ పీరేజీలో సృష్టించిన చివరి బిరుదు అదే.

1801లో ఐర్లండ్ పార్లమెంటు బ్రిటన్ పార్లమెంటులో కలిసిపోయాక, ఐర్లండ్ పీర్లందరికీ లండన్‌లోని ప్రభువుల సభలో చోటు దొరకలేదు. తమలోంచి 28 మందిని జీవితకాల ప్రతినిధులుగా ఎన్నుకోవడానికి మాత్రమే వారికి అధికారం దక్కింది. 1922లో ఐర్లండ్ స్వతంత్ర రాజ్యంగా విడిపోయాక ఈ ఎన్నికలు ఆగిపోయాయి; అప్పటికి ఎన్నికైన ప్రతినిధుల్లో చివరివారు 1961లో మరణించారు. వంశచరిత్రకు ఈ ఎన్నికలు చేసిన మేలు ఒకటుంది. ఓటు వేయాలంటే ముందు తన బిరుదు తనదేనని ప్రభువుల సభ ఎదుట రుజువు చేసుకోవాలి. ఆ రుజువుల కోసం సమర్పించిన పెళ్లి పత్రాలు, బాప్తిస్మ నమోదులు, సాక్షుల వాంగ్మూలాలే కొన్ని కుటుంబాల విషయంలో మనకు మిగిలిన గట్టి ఆధారాలు.

ఒకే నేల మీద మూడు పొరలు

ఐర్లండ్ భూస్వామ్య కుటుంబాలన్నీ ఒక్క మూలం నుంచి వచ్చినవి కావు. ఓ నీల్, ఓ బ్రయన్, ఓ డోనెల్ వంటి గేలిక్ వంశాలు, అంటే ఐర్లండ్ స్థానిక వంశాలు, అన్నిటికంటే పాతవి. 1169లో మొదలైన నార్మన్ దండయాత్రతో వచ్చి స్థిరపడిన ఫిట్జ్‌జెరల్డ్, బట్లర్, బర్క్ కుటుంబాలు రెండో పొర. ఫిట్జ్‌జెరల్డ్‌లకు 1316లో కిల్డేర్ ఎర్ల్ పదవి, బట్లర్‌లకు 1328లో ఆర్మండ్ ఎర్ల్ పదవి వచ్చాయి. ఈ కుటుంబాలు చాలావరకు కాథలిక్ మతంలోనే ఉండిపోయి, గేలిక్ భాషలో మాట్లాడుతూ, గేలిక్ వంశాలతో వియ్యమందాయి. 16, 17 శతాబ్దాలలో సైనికులుగా, అధికారులుగా, వలసదారులుగా వచ్చిన ప్రొటెస్టంట్ కుటుంబాలు మూడో పొర.

ఈ మూడో పొర ఎంత వేగంగా నేలను కమ్మేసిందో చరిత్రకారులు వేసిన అంచనాలు చెబుతాయి. 1641లో ఐర్లండ్ భూమిలో దాదాపు 59 శాతం కాథలిక్కుల చేతుల్లో ఉండేది. ఇంగ్లండ్ పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ దండయాత్ర, ఆ తర్వాతి జప్తుల వల్ల 1688 నాటికి అది 22 శాతానికి, విలియం రాజు యుద్ధాల తర్వాత 1703 నాటికి 14 శాతానికి పడిపోయింది. జప్తు చేసిన భూములను కొలవడానికి 1655లో విలియం పెటీ అనే వైద్యుడు సర్వే చేపట్టాడు; ఆ సర్వే సాగిన కాలంలోనే అతడూ కెర్రీ జిల్లాలో విస్తారంగా భూములు సంపాదించాడు. ఆ ఆస్తి అతని కూతురి పెళ్లి ద్వారా ఫిట్జ్‌మారిస్ కుటుంబానికి చేరింది. 1888 నుంచి 1894 వరకు భారత వైస్రాయ్‌గా ఉన్న లాన్స్‌డౌన్ మార్క్విస్ ఇంటిపేరు పెటీ ఫిట్జ్‌మారిస్ కావడానికి కారణం ఇదే.

1704 నాటి మతచట్టం ఇంకో మలుపు తిప్పింది. కాథలిక్ భూస్వామి చనిపోతే అతని భూమిని కొడుకులందరికీ సమంగా పంచాలి. పెద్దకొడుకు ప్రొటెస్టంట్ మతం పుచ్చుకుంటే మాత్రం మొత్తం అతనికే దక్కుతుంది. మూడు తరాలు పంపకాలు జరిగితే ఎంత పెద్ద ఎస్టేటైనా ముక్కలైపోతుంది కనుక, చాలా కుటుంబాల్లో ఒకరు మతం మారి భూమిని నిలబెట్టారు, తక్కినవారు పాత మతంలోనే ఉండిపోయారు. అందుకే 18వ శతాబ్దపు రికార్డులో ఒక భూస్వామి ప్రొటెస్టంట్ అని కనబడగానే అతని పూర్వీకులు ఇంగ్లండ్ నుంచి వచ్చినవారని తీర్మానించడం పొరపాటు.

గేలిక్ పద్ధతి, ఇంగ్లిష్ పద్ధతి ఢీకొన్న చోటు: ఓ నీల్ కుటుంబం

గేలిక్ వంశాలలో నాయకత్వం తండ్రి నుంచి పెద్దకొడుకుకు దానంతటదే రాదు. ఒక పూర్వీకుని నుంచి వచ్చిన మగవారి బృందంలో సమర్థుడిని ఎన్నుకునేవారు. నాయకుడు బతికుండగానే అతని తర్వాతివాణ్ణి కూడా నిర్ణయించుకోవడం ఆనవాయితీ. పెళ్లి బయట పుట్టిన కొడుకును తండ్రి తన బిడ్డగా ఒప్పుకుంటే, అతనికీ హక్కుండేది. ఇంగ్లిష్ చట్టం ఇందుకు పూర్తిగా విరుద్ధం. చట్టబద్ధమైన పెళ్లి వల్ల పుట్టిన పెద్దకొడుకు, అతని తర్వాత అతని పెద్దకొడుకు, ఆ శాఖ అంతరిస్తే తర్వాతి శాఖ అన్న వరుస అది.

1541లో హెన్రీ 8 తనను ఐర్లండ్ రాజుగా ప్రకటించుకున్న తర్వాత, గేలిక్ నాయకులు తమ భూములను రాజుకు అప్పగించి, ఇంగ్లిష్ బిరుదులతో సహా వాటినే రాజు చేతుల మీదుగా తిరిగి పుచ్చుకునే ఒప్పందాలు జరిగాయి. 1542లో కాన్ ఓ నీల్ ఇలాగే టైరోన్ ఎర్ల్ అయ్యాడు. తన వారసుడిగా ఆయన మాథ్యూ అనే కొడుకును పేర్కొన్నాడు. దీనిపై ఇంకో కొడుకు షేన్ తిరగబడ్డాడు. షేన్ వాదనలో పదును గమనించదగ్గది: మాథ్యూ అసలు కాన్‌కు పుట్టలేదని, డండాక్ ఊరి కమ్మరి ఇంటి పిల్లవాడని, యుక్తవయసు వచ్చాక తెచ్చి ఈ ఇంట చేర్చారని అతడన్నాడు. చట్టబద్ధమైన కొడుకును నేనే కాబట్టి ఇంగ్లిష్ చట్టం ప్రకారం బిరుదు నాది, వంశం ఎన్నుకున్నది నన్నే కాబట్టి గేలిక్ పద్ధతి ప్రకారం నాయకత్వం నాది అని రెండు వ్యవస్థలనూ తనవైపు తిప్పుకోజూశాడు. 1558లో మాథ్యూ హతుడయ్యాడు, మరుసటి ఏడు కాన్ కన్నుమూశాడు, షేన్ ఓ నీల్ పీఠమెక్కాడు, 1567లో మెక్‌డొనెల్ వంశస్థుల చేతిలో చచ్చిపోయాడు. చివరికి ఎర్ల్ అయినది మాథ్యూ కొడుకు హ్యూ.

ఆ హ్యూ ఓ నీల్ 1595లో గేలిక్ పద్ధతిలోనూ ఓ నీల్‌గా పట్టం కట్టుకుని, ఎలిజబెత్ రాణిపై తొమ్మిదేళ్ల యుద్ధం నడిపి, ఓడిపోయాక 1607లో రాత్‌మలన్ రేవు నుంచి ఓడెక్కి యూరప్ వెళ్లిపోయాడు. రాజద్రోహం కింద అతని బిరుదు రద్దయింది, ఉత్తర ప్రాంతమైన అల్‌స్టర్‌లోని భూములు వలసదారుల పాలయ్యాయి. ఓ నీల్ వంశవృక్షంలో మాథ్యూ జన్మను ఎలా రాశారో చూస్తే, అది రాసినవాడు ఏ పక్షం వాడో తెలిసిపోతుంది. ఇలాంటి చోట వంశవృక్షం కోర్టులో వేసిన దావా కాగితం వంటిదే. దాన్ని అలాగే చదవాలి.

304 ఏళ్లు వెనక్కి వెళ్లిన బిరుదు: ఇంచిక్విన్

అదే ఒప్పందాల వరుసలో 1543లో మురో ఓ బ్రయన్‌కు ఒకేసారి రెండు బిరుదులిచ్చారు. థోమండ్ ఎర్ల్ పదవి అతని జీవితకాలానికి మాత్రమే. తర్వాత అది అతని కొడుకుకు కాక, గేలిక్ పద్ధతిలో అప్పటికే వారసుడిగా నిర్ణయమైన అన్న కొడుకు డొనోకు వెళ్లాలి. ఇంచిక్విన్ బారన్ బిరుదు మాత్రం మురో సంతతిలోని మగవారికి వరుసగా చెందుతుంది. ఇంగ్లిష్ రాజు ఇచ్చిన ఒక పత్రంలోనే పాత పద్ధతికి ఒక బిరుదు, కొత్త పద్ధతికి ఒక బిరుదు అమిరాయన్నమాట.

మురో 1551లో మరణించాడు. అతని పెద్ద శాఖ పైకెదిగి 1654లో ఇంచిక్విన్ ఎర్ల్ పదవిని, 1800లో థోమండ్ మార్క్విస్ పదవిని సంపాదించింది. 1855లో మూడో మార్క్విస్ కొడుకు లేకుండా చనిపోయాడు. 1654 నాటి ఎర్ల్ పదవి ఆ ఏడు బిరుదు పొందినవాడి మగ సంతతికే పరిమితం, 1800 నాటి మార్క్విస్ పదవికీ దాని సొంత హద్దులున్నాయి. ఆ హద్దుల్లో ఎవరూ మిగలలేదు గనుక రెండూ అంతరించాయి. 1543 నాటి బారన్ బిరుదు కథ వేరు. దాని హద్దు మురో సంతతి మొత్తం. కాబట్టి వెతుకులాట 304 ఏళ్లు వెనక్కి, మురో చిన్న కొడుకుల దాకా వెళ్లింది. అక్కడ చీలిన ఒక శాఖలో, క్లేర్ జిల్లాలోని డ్రొమోలండ్ కోటలో, బారొనెట్‌గా ఉన్న సర్ లూషియస్ ఓ బ్రయన్ దొరికాడు. ప్రభువుల సభ 1862లో ఆయన హక్కును ధ్రువీకరించి, పదమూడో ఇంచిక్విన్ బారన్‌గా గుర్తించింది. 1848లో బ్రిటిష్ పాలనపై తిరుగుబాటు చేసి రాజద్రోహ నేరంపై దేశాంతర శిక్ష అనుభవించిన విలియం స్మిత్ ఓ బ్రయన్ ఈయన తమ్ముడే.

ఈ చిన్న శాఖ 17వ శతాబ్దంలో భూమి పోగొట్టుకోకుండా మిగలడం వెనుక ఒక స్త్రీ ఉంది. లెమెనే కోటకు చెందిన కానర్ ఓ బ్రయన్ 1651లో క్రామ్‌వెల్ సేనలతో పోరాడి చనిపోయాడు. జప్తు తప్పదనుకున్న సమయంలో అతని భార్య మారీ రువా అదే సైన్యానికి చెందిన జాన్ కూపర్ అనే అధికారిని పెళ్లాడింది. కొడుకు ఆస్తి కాపాడటానికే ఆమె అలా చేసిందని జానపద కథలు చెబుతాయి. కారణం ఏదైనా, కొడుకు డొనో ప్రొటెస్టంటుగా పెరిగి, భూములు దక్కించుకుని, 1686లో బారొనెట్ అయ్యాడు. బిరుదు వంశవృక్షంలో తండ్రి నుంచి కొడుకుకు గీసిన గీత నిలవడానికి కారణమైన తల్లి, ఆ వృక్షంలో ఎవరో ఒకరి భార్యగా ఒక్క మాటలో మాత్రమే కనబడుతుంది. వంశవృక్షాలు చదివేటప్పుడు నన్ను ఎక్కువగా బాధించే లోపం ఇది.

ఇక్కడ మన పాఠకులు ఒక తేడా గమనించాలి. తెలుగునాట జమీందారీలలో కొడుకు లేకపోతే దత్తపుత్రుడు సంస్థానానికి వారసుడు కావడం మామూలే. ఐర్లండ్ బిరుదులకు దత్తత పనికిరాదు. చట్టబద్ధమైన పెళ్లి వల్ల పుట్టిన మగ సంతతే కావాలి. భూమిని మాత్రం వీలునామాతో ఎవరికైనా ఇవ్వవచ్చు. ఈ రెండు నియమాలు పక్కపక్కనే ఉండటమే బిరుదునూ భూమినీ విడదీసింది.

బిరుదు ఆగినా ఇల్లు సాగింది: కరామోర్

హ్యూ ఓ నీల్‌తో పోయిన టైరోన్ ఎర్ల్ బిరుదును 1673లో వాటర్‌ఫర్డ్ జిల్లాలోని పవర్ కుటుంబానికి కొత్తగా ఇచ్చారు. ఓ నీల్‌లకూ వీరికీ వంశ సంబంధం లేదు. 1704లో మూడో ఎర్ల్ జేమ్స్ పవర్ కొడుకు లేకుండా మరణించడంతో ఆ రెండో బిరుదూ ముగిసింది. ఆయన కూతురు కాథరిన్‌కు కరామోర్ భవనం, భూములు దక్కాయి. ఆమె 1717లో మార్కస్ బెరిస్‌ఫర్డ్‌ను పెళ్లాడింది. భార్య తరఫున వచ్చిన ఆస్తికి తగిన హోదాగా 1746లో మార్కస్‌కు టైరోన్ ఎర్ల్ బిరుదు మూడోసారి సృష్టించి ఇచ్చారు. వారి కొడుకు 1789లో వాటర్‌ఫర్డ్ మార్క్విస్ అయ్యాడు. ‘టైరోన్ ఎర్ల్ వంశం’ అని ఎక్కడైనా కనబడితే, ఏ ఏడాది సృష్టించిన బిరుదు అన్నది తేలకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు.

రాయలసీమ చరిత్రలో ఉన్న ఇంటిపేరు: వెల్లెస్లీ

సైన్య సహకార ఒప్పందాలతో నిజామును లొంగదీసి, 1800లో బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలనూ కర్నూలులో కొంత భాగాన్నీ కంపెనీ వశం చేసుకున్న గవర్నర్ జనరల్ వెల్లెస్లీ మనకు తెలిసినవాడే. దత్త మండలాల పుట్టుకకు కారకుడైన ఈ మనిషి తండ్రి తాతల వరుసలో వెల్లెస్లీ కాదు, కాలీ. మీత్ జిల్లాలోని డాంగన్‌లో ఉన్న గారెట్ వెస్లీ 1728లో పిల్లలు లేకుండా చనిపోతూ, తన పేరు పెట్టుకోవాలన్న షరతుతో ఆస్తిని బంధువైన రిచర్డ్ కాలీకి రాశాడు. కాలీ వెస్లీ అయ్యాడు, 1746లో మార్నింగ్‌టన్ బారన్ అయ్యాడు. ఆయన కొడుకు 1760లో ఎర్ల్ అయ్యాడు. ఆ ఎర్ల్ కొడుకులే గవర్నర్ జనరల్ రిచర్డ్, శ్రీరంగపట్టణంలోనూ ఆ తర్వాత వాటర్‌లూలోనూ పోరాడిన ఆర్థర్. వెస్లీ అన్న ఇంటిపేరును ఈ తరం వారే పాత రూపమైన వెల్లెస్లీకి మార్చుకున్నారు. ఇంకో సోదరుడు విలియం, పోల్ అనే మరో కుటుంబం ఆస్తి దక్కడంతో వెల్లెస్లీ పోల్ అయ్యాడు.

రిచర్డ్‌కు 1799లో, శ్రీరంగపట్టణం పతనమైన ఏడాదిలోనే, మార్క్విస్ వెల్లెస్లీ బిరుదు వచ్చింది. అది బ్రిటన్ బిరుదు కాక ఐర్లండ్ బిరుదు కావడం ఆయనకు తీరని అవమానంగా తోచింది. ఆయనకు కొడుకులున్నారు, కానీ వారు తల్లిదండ్రుల పెళ్లికి ముందే పుట్టారు. తర్వాత పెళ్లి జరిగినా వారికి బిరుదుపై హక్కు రాలేదు. 1842లో ఆయనతోనే మార్క్విస్ పదవి అంతరించింది. మార్నింగ్‌టన్ ఎర్ల్ పదవి తమ్ముడు విలియంకూ, అతని శాఖ 1863లో ఆగిపోయాక ఆర్థర్ కొడుకైన రెండో వెల్లింగ్టన్ డ్యూక్‌కూ చేరింది. రక్తం రిచర్డ్ సంతానంలో సాగుతూనే ఉంది, బిరుదు పక్క కొమ్మకు మళ్లింది, డాంగన్ అప్పటికే పరాయివారి పాలయింది.

కాలిపోయిన కాగితాలు, మిగిలిన కాగితాలు

1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన మూడో రోజున, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో పేలుడు జరిగి ప్రభుత్వ దస్తావేజుల భవనం దగ్ధమైంది. 13వ శతాబ్దం నుంచి దాచిన కాగితాలు, అసలు వీలునామాలు, ఐర్లండ్ చర్చి నమోదు పుస్తకాల్లో సగానికి పైగా, 1821 నుంచి 1851 వరకు జరిగిన జనాభా లెక్కల్లో దాదాపు అన్నీ పోయాయి. 1861 నుంచి 1891 వరకు జరిగిన లెక్కల పత్రాలను ప్రభుత్వమే అంతకుముందు నాశనం చేసింది. మొత్తం దేశానికి మిగిలిన పాత జనాభా లెక్కలు 1901, 1911 నాటివే.

అయితే ఈ నష్టం అందరికీ సమానంగా జరగలేదు. భూస్వామ్య కుటుంబాల కాగితాలు అనేక చోట్ల నకళ్లుగా ఉండేవి. 1708లో తెరిచిన రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్‌లో పెళ్లి ఒప్పందాలు, కౌళ్లు, తనఖాల సారాంశాలు భద్రంగా ఉన్నాయి. 1552లో ఏర్పడిన అల్‌స్టర్ కింగ్ ఆఫ్ ఆర్మ్స్ అనే వంశచిహ్నాల కార్యాలయం డబ్లిన్ కోటలో ఉండటం వల్ల బతికింది. ఆ పదవి నిర్వహించిన విలియం బెథామ్ 1800కు ముందటి సంపన్నుల వీలునామాల నుంచి బంధుత్వాల వివరాలను ఎత్తి రాసుకున్న పుస్తకాలు ఇప్పుడు కాలిన మూలాలకు బదులుగా నిలుస్తున్నాయి. 1943లో ఈ కార్యాలయం ఐర్లండ్ ప్రభుత్వానికి మారింది. పేలుడుకు సరిగ్గా నూరేళ్ల తర్వాత, 2022లో, పోయిన దస్తావేజుల నకళ్లను ప్రపంచమంతటి నుంచి సేకరించి అంతర్జాలంలో ఉంచే ప్రాజెక్టు అందుబాటులోకి వచ్చింది.

అచ్చయిన వంశవృక్షాలను ఎంతవరకు నమ్మాలి

బిరుదు కుటుంబాల వివరాలను 1826లో జాన్ బర్క్ మొదట పుస్తకంగా వేశాడు. ఆయన కొడుకు బెర్నార్డ్ ఆ పనిని కొనసాగిస్తూనే, 1853 నుంచి 1892 వరకు అల్‌స్టర్ కింగ్ ఆఫ్ ఆర్మ్స్ పదవిలో ఉన్నాడు. కుటుంబాలు పంపిన కథలను అచ్చువేసే ప్రచురణకర్త, వాటిని ధ్రువీకరించాల్సిన అధికారి ఒకరే కావడం చిన్న విషయం కాదు. నార్మన్ వీరులతో మొదలయ్యే వంశావళులు చాలావరకు కల్పితాలని ఎడ్వర్డ్ ఫ్రీమన్, ఆ తర్వాత హొరేస్ రౌండ్ అనే చరిత్రకారులు ఘాటుగా విమర్శించారు. ఆ విమర్శ తర్వాతి ముద్రణల్లో చాలా కట్టుకథలు తొలగాయి. ఈ పుస్తకాలను సమర్థించేవారు చెప్పేదానిలోనూ న్యాయముంది: గత రెండు మూడు శతాబ్దాల పుట్టుకలు, పెళ్లిళ్లు, ఇళ్ల పేర్లు ఇంత పెద్ద ఎత్తున మరెక్కడా ఒకచోట దొరకవు. నా ఉద్దేశంలో 1700 తర్వాతి తరాలకు వీటిని దారిచూపేవిగా వాడుకోవచ్చు. అంతకు ముందున్న ప్రతి గీతకూ వేరే పత్రం అడగాలి.

గేలిక్ వంశావళులపై వివాదం ఇంకా లోతైనది. వంశాలను రాయడమే వృత్తిగా ఉన్న కుటుంబాలు అక్కడ ఉండేవి. స్లైగో జిల్లాకు చెందిన అలాంటి కుటుంబంలోని డువల్టాహ్ మాక్ ఫిర్బిసి 17వ శతాబ్దం మధ్యలో, తన సమాజం కళ్లెదుటే కూలిపోతున్నప్పుడు, గాల్వేలో కూర్చుని వేలాది పేర్లను గ్రంథస్థం చేశాడు. ఆ వరుసలు చివరకు స్పెయిన్ నుంచి వచ్చిన పురాణ పురుషుల దాకా, బైబిల్ నోవహు దాకా వెళ్తాయి. వీటిని పూర్తిగా పుక్కిటి పురాణాలని తోసిపుచ్చేవారున్నారు. బలపడిన కొత్త వంశాలను పాత రాజవంశాలకు అతికించడం మామూలుగా జరిగేదని, కాబట్టి ఏ కాలంలో ఎవరిని ఎవరికి అతికించారన్నదే విలువైన రాజకీయ చరిత్ర అని ఇంకొందరంటారు. రెండో మాటే నాకు సబబుగా తోస్తుంది.

డీఎన్ఏ పరీక్షలు ఈ తగవు తీరుస్తాయని కొందరు ఆశించారు. తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోమ్‌పై డబ్లిన్ ట్రినిటీ కాలేజీ పరిశోధకులు 2006లో ప్రకటించిన అధ్యయనంలో, వాయవ్య ఐర్లండ్ మగవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఒకే రకం గుర్తు కనబడింది. ఓ నీల్‌లు తమ మూలపురుషుడని చెప్పుకునే నీల్ రాజు సంతతే ఇదని పత్రికలు రాశాయి. ఆ గుర్తు నీల్ కాలం కంటే పాతదని తర్వాతి లెక్కలు సూచించాయి. పరీక్ష పూర్తిగా సరైనదైనా, అది చెప్పేది నాలుగు దారుల్లో ఒక్కదాని గురించే. కాలీ రక్తమున్న మనిషికి వెస్లీ పేరూ డాంగన్ భూమీ ఎందుకు వచ్చాయో ఏ ప్రయోగశాలా చెప్పలేదు.

ఈనాడు బిరుదుల స్థితి

1937 నాటి ఐర్లండ్ రాజ్యాంగం ప్రకారం ప్రభుత్వం ఎవరికీ కులీన బిరుదులివ్వదు. పౌరులు బయటి దేశాల నుంచి అలాంటివి పుచ్చుకోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. పాత బిరుదులు బ్రిటన్ చట్టం కింద కొనసాగుతున్నా, వాటికి ఐర్లండ్‌లో ఏ అధికారమూ లేదు. గేలిక్ నాయకుల వారసులను మాత్రం 1940ల నుంచి వంశచిహ్నాల కార్యాలయం మర్యాదపూర్వకంగా గుర్తించేది. 1992లో మెకార్తీ వంశ నాయకుడిగా గుర్తింపు పొందిన ఒక వ్యక్తి చూపిన వంశావళి నిలవదని 1999లో తేలి, గుర్తింపు రద్దయింది. 2003లో ఆ పద్ధతినే మానేశారు. లిమరిక్ జిల్లాలోని గ్లిన్ నైట్ అనే వంశపారంపర్య బిరుదు, 29వ నైట్ డెస్మండ్ ఫిట్జ్‌జెరల్డ్ 2011లో మరణించడంతో ఆగిపోయింది. ఆయనకు కూతుళ్లున్నారు, కొడుకులు లేరు.

భూస్వామి కాగితాల్లో కౌలుదార్లు

ఐర్లండ్ మూలాల కోసం వెతికేవారిలో చాలామంది పూర్వీకులు ఈ కోటల్లో ఉన్నవారు కారు, వీటికి శిస్తు కట్టినవారు. అయినా వారికీ ఈ వంశచరిత్ర తప్పదు. 1847 నుంచి 1864 వరకు రిచర్డ్ గ్రిఫిత్ ఆధ్వర్యంలో జరిగిన ఆస్తి మదింపు పట్టికల్లో ప్రతి సాగుదారు పేరు పక్కన, ఆ భూమిని అతనికి కౌలుకిచ్చినవారి పేరుంటుంది. ఆ రెండో పేరు పట్టుకుని ఏ ఎస్టేటో తెలుసుకుంటే, ఆ ఎస్టేటు శిస్తు పుస్తకాలు ఇప్పుడు ఎవరి దగ్గరున్నాయో వెతకవచ్చు. ఎస్టేటు చేతులు మారినప్పుడల్లా కాగితాలు కూడా దాని వెంటే వెళ్లాయి.

రాస్‌కామన్ జిల్లాలోని స్ట్రోక్స్‌టౌన్ ఇందుకు మంచి ఉదాహరణ. 1845లో మూడో హార్ట్‌లండ్ బారన్ మారిస్ మహోన్ మరణంతో ఆ ఇంటి బిరుదు అంతరించింది. భూమి బంధువైన మేజర్ డెనిస్ మహోన్‌కు వచ్చింది. బంగాళాదుంప పంట కుళ్లి కరువు ముంచుకొచ్చిన 1847లో, ఆయన 1,490 మంది కౌలుదార్లను నేల ఖాళీ చేయించి కెనడా ఓడలెక్కించాడు. వారు ఊరి నుంచి డబ్లిన్ దాకా నడిచివెళ్లారు. దారిలోనూ ఓడల్లోనూ ఎంతోమంది చనిపోయారు. ఆ నవంబరులో డెనిస్ మహోన్‌ను కాల్చి చంపారు. ఎస్టేటు కూతురు గ్రేస్ ద్వారా హెన్రీ పాకెన్‌హమ్‌కు చేరింది, ఆయన తన పేరుకు మహోన్‌ను చేర్చుకున్నాడు. పాకెన్‌హమ్ మహోన్ కుటుంబం 1979 వరకు అక్కడే ఉండటం వల్ల ఎస్టేటు కాగితాలు చెల్లాచెదురు కాలేదు. ఇల్లు కొన్నవారికి ఆ కాగితాల్లో క్లూనహీ గ్రామస్థులు 1846లో తమ ఆకలి గురించి భూస్వామికి రాసుకున్న అర్జీ దొరికింది. 1994లో అక్కడే జాతీయ కరువు మ్యూజియం తెరిచారు. కెనడాకు పంపిన 1,490 మంది జాబితా ఆధారంగా, వారి సంతతి ఎక్కడెక్కడ స్థిరపడిందో ఇప్పుడు పరిశోధకులు ఒక్కొక్క కుటుంబంగా వెతుకుతున్నారు.